మంచం ఖాళీ అని చెప్పిన ప్రోగ్రామ్

నేను ఉద్యోగం మానేశాక మా ఇంటికి వచ్చే కుర్రవాళ్లంతా గెలిచిన కథలే అడుగుతారు. "అంకుల్, మీ కెరీర్‌లో బెస్ట్ ప్రాజెక్ట్ ఏది?" అంటారు టీ తాగుతూ. బాగా అయిన ప్రాజెక్టులు చాలానే ఉన్నాయి గానీ వాటిలో ఏదీ నాకు సరిగ్గా గుర్తులేదు. బాగా అయినదాన్ని ఎవడు గుర్తుపెట్టుకుంటాడు? జీతం పడింది, మర్చిపోయాం. గుర్తున్నది ఒక ఆసుపత్రి కోసం చేసిన పని. అందులో తప్పు చేసింది నేను. ముందే చెప్పేస్తున్నాను, చివరికి ఎవరి మీదకి నెడతానో అని మీరు ఎదురుచూడకుండా.

ఇది ముఖ్యంగా కోడ్ రాసే పిల్లల కోసం. రాయనివాళ్లకి కూడా అర్థం కావాలని మా ఆవిడ షరతు పెట్టింది కాబట్టి, మొదట్లో కాస్త ఓపిక పట్టండి.

ఇంగ్లండులో బ్రాక్‌నెల్ అనే ఊళ్లో మాది చిన్న కంపెనీ. సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లం. అంటే నిజం ఆసుపత్రి లాంటిదే ఒక ఉత్తుత్తి ఆసుపత్రిని కంప్యూటర్లో కట్టడం. అందులో ఉత్తుత్తి రోగులు వస్తారు, వరసలో కూర్చుంటారు, మంచం ఎక్కుతారు, వెళ్లిపోతారు. నిజం ఆసుపత్రిలో ఒక వార్డు మూసి ఏమవుతుందో చూద్దాం అంటే మనుషులు ఇబ్బంది పడతారు. కంప్యూటర్లో మూస్తే ఎవరికీ ఏమీ కాదు. అదీ మా వ్యాపారం.

ఇలాంటి ప్రోగ్రాముకి వెన్నెముక రెండు సంగతులు. మొదటిది ఇన్‌హెరిటెన్స్, మన మాటలో వారసత్వం. "రోగి" అని ఒక తల్లి క్లాసు రాస్తాం, క్లాసంటే ఒక రకం మనిషికి అచ్చులాంటిది. వచ్చిన టైము, వయసు, ఏ మంచం, వైద్యానికి ఎంతసేపు, ఇలా అందరికీ ఉండేవన్నీ అందులో పెడతాం. దాని కింద పిల్ల క్లాసులు: చంటిపిల్లలు, ఎముక విరిగినవాళ్లు, ఆపరేషన్‌కి వచ్చినవాళ్లు. తల్లి దగ్గర ఉన్నవన్నీ పిల్లలకి అడక్కుండానే వస్తాయి. ఏ పిల్ల అయినా తన పద్ధతి తాను రాసుకోకపోతే తల్లి పద్ధతే నడుస్తుంది. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు, తనదంటూ ఏమీ లేకపోయినా పెద్దల పేరు చెప్పుకుని బతికేస్తుంది.

రెండోది పాలిమార్ఫిజం. పెళ్లిలో ఒకాయన లేచి "భోజనాలకి లేవండి" అని ఒక్క కేక వేస్తాడు. పిల్లలు పరిగెత్తుకెళ్లి ముందు వరస పట్టేస్తారు. షుగరు ఉన్నాయన మాత్ర కోసం జేబు తడుముకుంటాడు. మామ్మగారు ఎవరైనా చెయ్యందిస్తే గానీ లేవదు. కేక ఒకటే, లేచే తీరు ఎవరిది వాళ్లది. మా ప్రోగ్రాము కూడా రోగులందరికీ ఒకటే కేక వేస్తుంది, ఎవరి క్లాసులో రాసినట్టు వాళ్లు చేస్తారు. ఇంతే. ఇంతకు మించి ఈ కథకి ఏమీ అక్కర్లేదు.

ఆ కేకల్లో ఒకటి "వెళ్లిపో". వైద్యం అయిపోగానే ప్రోగ్రాము రోగిని పిలిచి చెప్పే మాట. గొడవంతా దాని దగ్గరే మొదలైంది.

నా టీములో ఒక కడప అమ్మాయి ఉండేది. కోవెంట్రీలో మాస్టర్స్ చేసి మా దగ్గర చేరింది. మొదటి ఉద్యోగం. మాట గట్టిది, పని అంతకన్నా గట్టిది. తల్లి క్లాసులో "వెళ్లిపో" కింద నేను మూడు లైన్లు రాశాను. వైద్యం అయింది, మంచం ఖాళీ, రోగి తలుపు వైపు. ఆ అమ్మాయి వెనక నిలబడి చూసి ఊరుకోలేదు.

"సార్, తల్లి క్లాసులో దాన్ని ఖాళీగా ఇడిసిపెట్టండి. ఎవురు ఎట్ల పోతారో ప్రతి క్లాసూ సొంతంగా రాసుకునేదాకా ప్రోగ్రాము కంపైలే కాకూడదు, అసలు నడవనే గూడదు. మనం మర్చిపోతే మిషనే అరుస్తాది గదా."

"అరవడం నాకిష్టం లేదమ్మాయ్. నడవాలి."

"అమ్మే అన్నీ వండి పెడ్తాంటే పిల్లలు పొయ్యి ఎప్పుడు ముట్టిస్తారు సార్?"

పక్క సీట్లవాళ్లు నవ్వారు. నాకు కోపం వచ్చింది. "నేను ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టినప్పటికి నువ్వు పుట్టలేదు" అన్నాను. వాదనలో ఓడిపోతున్న పెద్దమనిషి చివరగా వాడే ఆయుధం ఇదే. మీరు ఎప్పుడైనా ఈ మాట వింటే, అవతలివాడి దగ్గర వేరే జవాబు లేదని తెలుసుకోండి. ఆ అమ్మాయి "సరే సార్" అని వెళ్లి కూర్చుంది.

నా మొండితనానికి కారణం ఒకటుంది. అంతకు కొన్నేళ్ల ముందు ఒక విమానాశ్రయం వాళ్లకి డెమో ఇస్తుండగా ప్రోగ్రాము మధ్యలో ఆగిపోయింది. గదినిండా జనం, తెరమీద ఎర్రక్షరాలు. "విమానాలు లేటవడాన్ని కూడా భలే చూపించారే" అన్నాడు ఒకాయన. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, లోపల చచ్చిపోయాను. ఆ రోజు నుంచి నాకు ఒకటే నియమం: ప్రోగ్రాము ఆగకూడదు. ఎవరు ఏం రాయడం మర్చిపోయినా తల్లి క్లాసు ఏదో ఒక జవాబు చెప్పాలి. ఆ జవాబు తప్పయితే ఏమవుతుందని ఆలోచించలేదు.

ఆసుపత్రి పని మిడ్‌ల్యాండ్స్‌లో ఒక ఊళ్లో. ఏ ఊరో వద్దు. వాళ్ల ప్రశ్న చిన్నది: ఉన్న వార్డుల్లో దేన్ని మూసి ఇంకోదానిలో కలిపితే నష్టం తక్కువ? మా మేనేజరు యార్క్‌షైర్ మనిషి, మంచివాడే, నవ్వుతూనే గడువులు ముందుకి జరుపుతాడు. పని సగంలో ఉండగా ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. వృద్ధుల వార్డు రోగుల్ని విడిగా చూపించమన్నారు. శుక్రవారం మధ్యాహ్నం టీమంతా ఎవరిదో వీడ్కోలు లంచ్‌కి పబ్బుకి వెళ్లింది. నేను వెళ్లకుండా కూర్చుని ఆ క్లాసు నా చేత్తో నేనే రాశాను.

చాలా శ్రద్ధగా రాశాననుకున్నాను. వాళ్లు నెమ్మదిగా నడుస్తారు. లేవడానికి ఇద్దరు సాయం పట్టాలి. వైద్యానికి ఎక్కువ రోజులు. తెరమీద ఒక్కో మనిషి ఒక్కో చుక్క. వీళ్ల చుక్కకి బూడిద రంగు వేసి, మధ్యమధ్య ఆగి ఊపిరి పీల్చుకుంటున్నట్టు నడిపించాను. సోమవారం ఆఫీసులో అందరూ వచ్చి చూసి ముచ్చటపడ్డారు. నడకని అంత ముద్దుగా రాసినవాణ్ని, వాళ్లు ఆసుపత్రి నుంచి ఎలా వెళ్తారో రాయడం మర్చిపోయాను. ప్రోగ్రాము ఏమీ అనలేదు. తల్లి క్లాసులో నేనే పెట్టిన మూడు లైన్లు నోరుమూసుకుని పని చేసేశాయి.

ఫలితాలు వచ్చాయి. వృద్ధుల వార్డులో ఇరవై నాలుగు మంచాలు. మా లెక్క ప్రకారం సాయంత్రానికి సగం ఖాళీగా ఉండాలి. నిజంలో అక్కడ ఒక్క మంచం కూడా ఎప్పుడూ ఖాళీ ఉండదు. మొత్తం ఆసుపత్రి అంకెలు మాత్రం నిజానికి దగ్గరగానే వచ్చాయి, ఒక్క వార్డు తేడా సగటులో కలిసిపోయింది.

ఇక్కడ ఆగి నన్ను నేను అనుమానించుకోవాల్సింది. బుద్ధి ఉన్నవాడు అదే చేస్తాడు. నేనేం చేశానంటే, రిపోర్టులో ఒక వాక్యం రాశాను: "మోడల్‌కీ వాస్తవానికీ ఉన్న తేడా వార్డు నిర్వహణలోని లోపాన్ని సూచిస్తోంది." అంటే నా ప్రోగ్రాము కరెక్టు, తప్పంతా ఆ వార్డు నడిపేవాళ్లది అని. ఆ వాక్యం రాసి, చదువుకుని, బాగా కుదిరిందని కూడా అనుకున్నాను. సగం ఖాళీగా ఉండాల్సిన ఆ వార్డునే మూయొచ్చని చెప్తూ ముసాయిదా రిపోర్టు ఆసుపత్రికి వెళ్లింది. ఆరు వారాల తర్వాత వాళ్ల బోర్డు మీటింగ్. అందులో ఆ వార్డు మూత మీద నిర్ణయం.

మీటింగ్ మధ్యాహ్నం రెండింటికి. నేను పది గంటలకే చేరుకున్నాను. మూసేది తన వార్డు కాబట్టి అక్కడి సిస్టర్‌కి, అంటే హెడ్ నర్సుకి, మర్యాద కోసం ముందుగా ఒకసారి చూపించమని ఆసుపత్రివాళ్లు అడిగారు. ఆ వార్డంతటికీ బాధ్యురాలు ఆవిడే. పేరు చూసి తెలుగావిడని గుర్తుపట్టాను. గుంటూరు వైపు మనిషి, నలభై దాటి ఉంటుంది. చిన్న గది, గోడమీద నర్సుల డ్యూటీల రోటా, దాని పక్కన చర్చి క్యాలెండరు. నేను తెలుగులో పలకరిస్తే మొహం ఒక్క క్షణం విప్పారి, మళ్లీ బిగుసుకుంది.

"మీ రిపోర్టు చదివానంకుల్. రెండుసార్లు చదివా" అంది. కూర్చోమని కుర్చీ చూపించింది గానీ టీ ఇవ్వలేదు. తెలుగువాళ్ల ఇంట్లో టీ ఇవ్వలేదంటే అర్థం మీకు తెలుసు.

ల్యాప్‌టాప్ తెరిచి బొమ్మ నడిపించాను. వార్డు, మంచాలు, చుక్కలు. ఆవిడ వేలు తెరమీద పెట్టింది.

"ఈ బూడిద రంగువాళ్లు మావాళ్లేనా?"

"అవునమ్మా."

"ఎక్కడికి పోతన్నారు?"

"ఇంటికి. వైద్యం అయిపోయింది కదా."

"ఎవురు తీసుకెళ్తన్నారు?"

నేను తెరమీద చుక్కల వైపు చూశాను. ఆవిడ గొంతు పెంచలేదు, మళ్లీ అదే అడిగింది. "ఎవురు తీసుకెళ్తన్నారు అంకుల్? మావాళ్లు ఒక్కళ్లు కూడా అట్టా వాళ్లంతట వాళ్లు పోరండీ."

లేచి, రమ్మని నన్ను వార్డులోకి తీసుకెళ్లింది. కిటికీ పక్క మంచం మీద ఒక ముసలాయన శుభ్రంగా గడ్డం గీసుకుని, ఒళ్లో కోటు పెట్టుకుని కూర్చున్నాడు. కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషట. డాక్టర్లు ఇంటికి వెళ్లొచ్చని చెప్పి అది మూడో వారం. ఇంట్లో ఒక్కడే. రోజుకి రెండుసార్లు వచ్చి చూసే కేరర్‌ని ఊరి కౌన్సిల్ కుదిర్చేదాకా పంపడానికి లేదు. రోజూ పొద్దున్నే కోటు తీసుకుని తయారవుతాడట. నన్ను చూసి "కౌన్సిల్ నుంచి వచ్చారా?" అని ఆశగా అడిగాడు. కాదన్నాను. "పర్లేదులే" అని నన్నే ఓదార్చాడు.

మీతో ఒక మాట చెప్పాలి. పెద్ద తప్పు చేశామని తెలిసిన క్షణంలో గుండె ఆగుతుందంటారు. నాకు అలా అవలేదు. ఆ శుక్రవారం మధ్యాహ్నం గుర్తొచ్చింది, అంతే. నాకు తెలిసిపోయింది. కోడ్ తెరవకముందే తెలిసిపోయింది.

క్యాంటీన్‌లో మూల బల్ల దగ్గర కూర్చుని ఆ క్లాసు తెరిచాను. నడక ఉంది. సాయం ఉంది. ఊపిరి పీల్చుకోవడం ఉంది. "వెళ్లిపో" లేదు. పేజీ కింద దాకా వెళ్లి మళ్లీ పైకి వచ్చాను, రెండోసారి వెతికితే కనపడుతుందేమోనన్నట్టు. పైన రాసినవాళ్ల పేరు ఉంటుంది కదా, అది నా పేరే.

బ్రాక్‌నెల్‌కి ఫోన్ చేశాను. కడప అమ్మాయి ఎత్తింది. సంగతి చెప్పాను. "నేను చెప్పినా గదా" అంటుందని బిగబట్టుకుని ఉన్నాను. అనలేదు. అనుంటే నాకు తేలికగా ఉండేది.

"సార్, తల్లి క్లాసులో ఆ మూడు లైన్లు తీసేస్తాండా. ఎవురెవురు రాసుకోలేదో మిషనే చెప్తాది. ఉండండి."

ఫోన్‌లో కీబోర్డు చప్పుడు. తర్వాత అది ఆగిపోయింది.

"ఏమైందమ్మా?"

"ఒకటి గాదు సార్. మూడు ఉండాయి. ముసలోళ్లు, పక్షవాతం వచ్చినోళ్లు, ఇంగ ఇల్లు లేనోళ్లు." ఆగి, నెమ్మదిగా అంది: "ఇల్లు లేనోళ్లని గూడా ఇంటికే పంపించేస్తాంది సార్ మన ప్రోగ్రాము."

ఎవరో నవ్వుకుంటూ ట్రే పట్టుకుని నా పక్కనుంచి వెళ్లారు. టైము పదకొండుంపావు.

తప్పు తెలియడం వేరు, సరిదిద్దడం వేరు. ఆ రోగులు వైద్యం అయ్యాక ఎన్ని రోజులు ఆగుతారో ప్రోగ్రాముకి చెప్పాలంటే అంకెలు కావాలి. ఆసుపత్రి మాకిచ్చిన ఫైళ్లలో అవి లేవు, ఎందుకంటే మేం అడగలేదు. మళ్లీ వార్డుకి పరిగెత్తాను. నిజంగానే పరిగెత్తాను, ఆ వయసులో, లిఫ్టు కోసం ఆగకుండా. సిస్టర్ ఒక పేషెంట్‌కి మందులిచ్చి చేతులు కడుక్కుంటోంది. విషయం దాచకుండా చెప్పాను. తప్పు మీ వార్డులో లేదమ్మా, నా ప్రోగ్రాములో ఉంది, నేనే రాశాను అన్నాను.

ఆవిడ చేతులు తుడుచుకుంది. తిడుతుందనుకున్నాను. గదిలోకి వెళ్లి సొరుగులోంచి నల్ల అట్ట డైరీ తీసింది. ప్రతి మంచానికీ ఒక వరస. ఇంటికి వెళ్లడానికి ఫిట్ అని డాక్టర్లు ఏ రోజు అన్నారు, ఏ రోజు నిజంగా వెళ్లారు. రెండేళ్లది, అంతా చేత్తో రాసింది.

"ఇదంతా ఎందుకు రాసుకున్నావమ్మా?"

"ఎవురో ఒకరు అడుగుతారని. ఇంతవరకూ ఎవురూ అడగలా."

ఫోన్ స్పీకర్లో పెట్టి బల్లమీద ఉంచాను. పేర్లు వద్దు, మంచం నంబరూ తేదీలూ చాలన్నాను. ఆవిడ చదవడం మొదలుపెట్టింది, బ్రాక్‌నెల్‌లో ఆ అమ్మాయి టైపు కొట్టడం మొదలుపెట్టింది. "ఆరో మంచం, పదకొండు రోజులు." "రాసినానక్కా, చెప్పండి." "పదో మంచం, ముప్పై నాలుగు." "ముప్పై నాలుగా?" "అవునమ్మా, ముప్పై నాలుగు." మధ్యలో బెల్ మోగితే సిస్టర్ లేచి వెళ్లేది. ఆవిడ వచ్చేదాకా నేను చదివేవాణ్ని, నాకు ఆవిడ చేతిరాత అర్థం కాక తడబడేవాణ్ని, అవతలి నుంచి "సార్, ఏడా ఒకటా, సరిగా చూడండి" అని గదమాయింపు. నా నలభై ఏళ్ల అనుభవం ఆ గంటలో ఒక కళ్లజోడు పనికి కూడా రాలేదు.

పన్నెండున్నర దాటేసరికి చాలినన్ని వరసలు ఎక్కాయి. ఇక ప్రోగ్రాముని నడిపించాలి. ఒక్కోసారి నడవడానికి ఎనిమిది నిమిషాలు. మామూలుగా ముప్పై సార్లు నడిపి సగటు తీస్తాం. మాకున్న టైముకి నాలుగైదు సార్లు కుదిరితే గొప్ప. మొదటిసారి మధ్యలోనే ఆగిపోయింది, ఎర్రక్షరాలు. జీవితంలో మొదటిసారి ఆ ఎర్రక్షరాలు చూసి నాకు ఊరట కలిగింది. కనీసం ఇది చెప్తోంది, తప్పుందని. ఆ అమ్మాయి అవతల దిద్దింది. రెండోసారి నడిచింది.

చుక్కలు వార్డులో నిండాయి. నిండి, అక్కడే ఉండిపోయాయి. ఎమర్జెన్సీ నుంచి వచ్చే కొత్తవాళ్లు కారిడార్‌లో ఆగారు, తర్వాత తలుపు దాకా, తర్వాత తలుపు బయట అంబులెన్సుల్లో. వార్డు మూసేసి చూపించే బటను నొక్కాను. కారిడార్ మొత్తం బూడిద రంగైపోయింది. సిస్టర్ నా వెనక నిలబడి, "జనవరిలో మాకు ఇట్టాగే ఉంటది" అంది.

ఒంటిగంటన్నరకి మేనేజరు వచ్చాడు. మెట్ల దగ్గర నిలబెట్టి అంతా చెప్పాను. ఆయన నవ్వు మొహం మొట్టమొదటిసారి ఆరిపోవడం చూశాను. "ఇవాళ ఉన్నదే చూపించేద్దాం. ఇలాంటివి ఎప్పుడూ ఉంటాయి. సవరణ తర్వాతి వెర్షన్‌లో పెడదాం. నిర్ణయం వాళ్లది, మనది కాదు" అన్నాడు.

మీరు నన్ను మహానుభావుడనుకోకూడదు కాబట్టి చెప్తున్నాను: ఆ మాట నాకు తీపిగానే వినిపించింది. ఇంకో ఏడాదిన్నరలో రిటైర్మెంటు. ఇన్నేళ్లు నిలబెట్టుకున్న పేరు. ఇవాళ నోరు మూసుకుంటే, వచ్చే నెల మెల్లగా ఒక ఈమెయిల్ పంపొచ్చు, "కొన్ని మెరుగులు" అని పేరు పెట్టి. ఆయనకి అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. లోపలికి నడిచాం. నేను ఏం చేయబోతున్నానో గదిలో కూర్చున్నాక కూడా నాకు తెలియదు.

పొడుగు బల్ల. బోర్డువాళ్లు, వాళ్ల ముందు మా రిపోర్టు ప్రతులు. చివర్లో సిస్టర్, యూనిఫాంలోనే, ఒళ్లో నల్ల డైరీ. ఆవిణ్ని సలహా కోసం పిలిచారనుకున్నాను. కాదు, సంజాయిషీ కోసం పిలిచారు. వ్యవహారాలు చూసే డైరెక్టరు ఒకావిడ రిపోర్టు తెరిచి, కళ్లజోడు సర్దుకుని, నేను రాసిన వాక్యం గట్టిగా చదివింది. తేడా వార్డు నిర్వహణలోని లోపాన్ని సూచిస్తోంది. చదివి, తలెత్తి సిస్టర్ వైపు చూసింది. "దీనికి మీరేమంటారు?"

సిస్టర్ నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను తల దించుకునేవాణ్నేమో. డైరీ మీద చెయ్యి పెట్టుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కుంటోంది. చెవుల దాకా ఎర్రబడింది. పాతికేళ్లు రోగుల్ని చూసిన మనిషి, నేను శుక్రవారం మధ్యాహ్నం రాయడం మర్చిపోయినదానికి జవాబు వెతుక్కుంటోంది.

సిగ్గేసింది. ధైర్యం అని తర్వాత కొందరన్నారు గానీ, అది ఉత్త సిగ్గు. లేచి నిలబడ్డాను. "ఆ వాక్యం రాసింది నేను. అది తప్పు. వార్డులో లోపం లేదు, నా ప్రోగ్రాములో ఉంది" అన్నాను. మేనేజరు కళ్లు మూసుకున్నాడు.

రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపించాను. మొదటిదాంట్లో ముసలివాళ్లు ఎవరి సాయమూ లేకుండా లేచి వెళ్లిపోతున్నారు, రెండోదాంట్లో ఎదురుచూస్తున్నారు. బోర్డు అధ్యక్షుడు, తెల్ల గడ్డం పెద్దాయన, అడగాల్సిందే అడిగాడు. "ఆరు వారాలు మొదటిదాన్ని నమ్మమన్నారు. ఇప్పుడు రెండోదాన్ని నమ్మమంటున్నారు. దీన్ని ఎందుకు నమ్మాలి?"

"నమ్మకండి. ఇది నాలుగుసార్లే నడిచింది. మీరు మెట్లు దిగి వార్డుకి వెళ్లి చూడండి. ఆ డైరీ చదవండి. ఆ తర్వాత నా ప్రోగ్రాముని దాంతో పోల్చండి" అన్నాను. మొదటి వారంలోనే, అదే వరసలో నేను చేసి ఉండాల్సిన పని అది.

ఆయన సిస్టర్ వైపు తిరిగి డైరీ చూడొచ్చా అని అడిగాడు. బల్లమీద అది చేతులు మారుతూ వెళ్లింది. వార్డు మూసే మాట ఆ రోజుకి పక్కన పెట్టారు, తర్వాత మళ్లీ ఎత్తలేదు. ఆ ఆసుపత్రి మాకు మళ్లీ పని ఇవ్వలేదు, ఇవ్వకపోవడమే న్యాయం. నన్ను డిజైన్ నుంచి తప్పించి కడప అమ్మాయికి అప్పగించారు. ఆ అమ్మాయి మొదటి రోజే తల్లి క్లాసులన్నీ తవ్వి, ఇలాంటి తయారు జవాబులు ఇంకెక్కడ ఉన్నాయో వెతికి అన్నీ పీకేసింది. వారం రోజులు ఆఫీసులో ఏ ప్రోగ్రామూ నడవలేదు. నేను నోరెత్తలేదు.

కానీ ఆ రోజు అప్పటికి ఇంకా అయిపోలేదు. మీటింగ్ అయ్యాక సిస్టర్ లిఫ్టు దాకా నాతో వచ్చింది. మెచ్చుకుంటుందని ఎదురుచూశాను, ఒప్పుకుంటున్నాను. తప్పు చేసి ఒప్పుకున్నవాడికి దండ కూడా కావాలి కదా.

"థాంక్సండీ" అంది. అని బటను నొక్కకుండా నిలబడింది. "ఒక మాట చెప్తానంకుల్. మీ రిపోర్టు చదివినాక నా మీద నాకే అనుమానం వచ్చింది. కంప్యూటర్ చెప్తంది గదా, నేనే మరీ భయపడి వీళ్లని ఆపేస్తన్నానేమో అనుకున్నా."

ఆవిడ డైరీని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"ఒకాయన్ని పంపించేశానండి. డాక్టరు ఫిట్ అన్నారు. కేరర్ ఇంకా కుదర్లా. పక్కింటావిడ చూసుకుంటానంది. మామూలుగా అయితే నేను సంతకం పెట్టను. పెట్టాను. నాలుగో రోజు మెట్ల మీద పడ్డాడు. తుంటి విరిగింది."

"ఇప్పుడెక్కడున్నారు?"

"మళ్లీ మా వార్డులోనే. నిన్ననే ఆపరేషన్ థియేటర్ నుంచి తెచ్చాం." ఆవిడ ఇప్పుడు బటను నొక్కింది. "నా సంతకమే గదా అంకుల్."

మేనేజరు కింద కారు దగ్గర ఎదురుచూస్తున్నాడు. నేను లిఫ్టు ఎక్కకుండా వెనక్కి తిరిగాను.

మెట్ల మీద పడ్డాయన బస్సు డ్రైవరుగా పనిచేసిన మనిషట, పెద్ద పెద్ద చేతులు, దుప్పటి మీద పెట్టుకుని పడుకున్నాడు. నేను కంప్యూటర్ల పని చేస్తానని సిస్టర్ చెప్పి, నీళ్ల గ్లాసు సర్ది పక్కకి వెళ్లింది. ఆయన కుర్చీ చూపించాడు. ఆవిడ వినపడనంత దూరం వెళ్లేదాకా ఆగి, నా వైపు వంగబోయి, నొప్పికి ఆగిపోయాడు.

"మీరు పెద్దాఫీసు మనిషిలా ఉన్నారు. ఆ సిస్టర్ని ఏమీ అననివ్వకండి" అన్నాడు. "ఇంటికి పంపమని గోల పెట్టింది నేనే. లైటు వేసుకోకుండా మెట్లు దిగాను. తప్పు నాదే."

"కాదండీ. నాది" అన్నాను.

ఎవరో బాధలో ఉన్న మనిషిని సముదాయిస్తున్నట్టు ఆయన ఆ పెద్ద చెయ్యి తెచ్చి నా చేతి మీద పెట్టాడు.

"నువ్వు అక్కడ లేవు కదయ్యా" అన్నాడు.